308కి ఏ బుల్లెట్: ఎంపిక డైరీ

పని ఇది: 308 విన్చెస్టర్ (0.308 అంగుళం వ్యాసం బుల్లెట్ వాడే) బోల్ట్ రైఫిల్ ఒకటి, ఇంట్లో రౌండ్లు కూర్చే ప్రెస్ ఒకటి ఉన్నాయి. రీలోడింగ్‌కి (వాడిన కేస్‌ని మళ్లీ నింపి రౌండ్ చేసుకోవడానికి) ఒకే ఒక్క బుల్లెట్‌ని ఖాయం చేసి, దాన్నే పెట్టెల కొద్దీ కొనాలి. కాల్చేది కాగితం మీద, 100 నుంచి 600 గజాల దాకా. ఏడాదికి ఒకటి రెండుసార్లు 1000 గజాలు. వేట ఈ పనిలో లేదు, కానీ దాని మాట మధ్యలో వస్తుంది. చోటు టెక్సస్. అమెరికాలో సొంత వాడకానికి రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికి చేస్తే కావాలి.

ముందు మాటల సంగతి. తెలుగులో తూటా అంటే మొత్తం రౌండూ తూటానే, ఎగిరిపోయే ముక్కా తూటానే. రీలోడింగ్ బల్ల దగ్గర ఆ గందరగోళం పనికిరాదు. అందుకే ఇక్కడ బుల్లెట్ అంటే ఎగిరే ముక్క మాత్రమే. కేస్ (ఇత్తడి గొట్టం), ప్రైమర్ (దెబ్బ తగిలి మందుని అంటించే చిన్న మూత), మందు, బుల్లెట్ నాలుగూ కలిస్తే రౌండ్. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. బరువులు గ్రెయిన్లలో, 7000 గ్రెయిన్లు ఒక పౌండు, 175 గ్రెయిన్లంటే 11.34 గ్రాములు. మందు తూకాలు ఈ డైరీలో ఎక్కడా ఉండవు. ఒక రైఫిల్‌కి సరిపోయిన తూకం మరో రైఫిల్‌లో ప్రమాదం కావచ్చు. ఆ అంకె మాన్యువల్ నుంచే రావాలి.

మొదటి వారం: రైఫిల్‌ని కొలవడం

బుల్లెట్ కేటలాగు తెరిచే ముందు మూడు అంకెలు కావాలి: ట్విస్ట్ (బ్యారెల్ లోపలి మెలిక గాడులు, అంటే రైఫ్లింగ్, ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయో), థ్రోట్, మ్యాగజైన్ పొడవు. చాలామంది బుల్లెట్ కొన్నాక ఇవి కొలుస్తారు. అప్పటికి పెట్టెలో వంద బుల్లెట్లు ఉండిపోతాయి.

ట్విస్ట్ బ్యారెల్ మీద రాసే ఉంటుంది, అయినా కొలిచాం. క్లీనింగ్ రాడ్‌కి బిగుతైన ప్యాచ్ చుట్టి లోపలికి నెడితే, రైఫ్లింగ్ వెంట రాడ్ తిరుగుతుంది. పిడి బేరింగ్ మీద ఫ్రీగా తిరగాలి, లేకపోతే కొలత తప్పు. రాడ్ మీద టేపు జెండా కట్టి, అది ఒక పూర్తి చుట్టు తిరిగే లోపు రాడ్ ఎంత దూరం కదిలిందో చూడాలి. మూడుసార్లు 10 అంగుళాలకి కాస్త అటూ ఇటూ వచ్చింది. 10 ట్విస్ట్ అని రాసుకున్నాం. పాత 308లు చాలా వాటిలో 12 ఉంటుంది. ఆ తేడా ఎంత పనిచేస్తుందో మూడో వారంలో తేలుతుంది.

థ్రోట్ అంటే ఛాంబర్ ముగిసి రైఫ్లింగ్ మొదలయ్యే చోటు. అక్కడి గట్లను ల్యాండ్స్ అంటారు. బుల్లెట్ ల్యాండ్స్‌ని తాకే పొడవు కొలవడానికి అడుగున మర పెట్టిన కేస్, దానికి బిగించే గేజ్ దొరుకుతాయి. బుల్లెట్‌ని వేలితో సుతారంగా ముందుకి నెట్టాలి. గట్టిగా నెడితే ల్యాండ్స్‌లోకి దూరి కొలత పది థౌ దాకా పెరిగిపోతుంది. ఐదుసార్లు కొలిచి, అన్నింటికన్నా పెద్దదాన్ని వదిలేసి మిగతావి సగటు కట్టాం. 175 గ్రెయిన్ల మ్యాచ్ (పోటీ) బుల్లెట్‌కి ల్యాండ్స్ తాకే మొత్తం పొడవు సుమారు 2.880 అంగుళాలు. ఈ అంకె ఆ బుల్లెట్‌కే వర్తిస్తుంది. ముక్కు ఆకారం మారితే మళ్లీ కొలవాలి.

మ్యాగజైన్‌లో ఇబ్బంది లేకుండా కదిలే పొడవు 2.840. సామీ (అమెరికా ఆయుధ, తూటా తయారీదారుల ప్రమాణాల సంస్థ) ప్రమాణంలో 308 రౌండ్ గరిష్ఠ పొడవు 2.810. అంటే ఆ 175తో చేసి ఈ రైఫిల్‌లో మ్యాగజైన్ నుంచి కాల్చే ఏ రౌండైనా ల్యాండ్స్‌కి కనీసం 40 థౌ వెనకే ఉంటుంది. బుల్లెట్‌ని ల్యాండ్స్‌కి ఆనేలా సీట్ చేస్తేనే (కేస్ నోట్లో దింపితేనే) గురి అనే సలహా ఇక్కడితోనే కొట్టేసినట్టే. ఒక్కో రౌండ్ చేత్తో వేసుకునే బెంచ్ రైఫిల్ వాళ్ల గొడవ అది.

రెండో వారం: రకాల జల్లెడ

ఫుల్ మెటల్ జాకెట్ అంటే రాగి మిశ్రమం తొడుగు ముక్కు మీద నుంచి వెనక్కి దిగి ఉంటుంది, అడుగున సీసం బయటికి కనిపిస్తుంది. సైన్యానికి చేసే 147 గ్రెయిన్ల రకం ఇదే. చవక. మ్యాగజైన్‌లో ముక్కు నలగదు. గురి విషయంలో మాత్రం దీని లోపం తయారీలోనే ఉంది. బ్యారెల్ నుంచి చివరగా బయటపడేది బుల్లెట్ అడుగు. ఆ క్షణంలో వెనక నుంచి వాయువు ఒక పక్కకి ముందుగా తప్పించుకుంటే బుల్లెట్ ఒరుగుతుంది. తొడుగు అంచు మడత పెట్టిన తెరిచిన అడుగు ప్రతిదాంట్లో ఒకేలా ఉండదు.

మ్యాచ్ హాలో పాయింట్ దీనికి తలకిందులు. తొడుగుని అడుగు వైపు నుంచి కప్పులా సాగదీసి, సీసం నింపి, ముక్కు దగ్గర మూస్తారు. అడుగు మూసుకుని నున్నగా ఉంటుంది, ముక్కు మీద చిన్న రంధ్రం మిగులుతుంది. ఆ రంధ్రం తయారీ పద్ధతి వల్ల మిగిలినదే, జంతువులో విచ్చుకోవడానికి పెట్టింది కాదు. పేరులో హాలో పాయింట్ ఉంది కదా అని దీన్ని జింక మీద వాడే వాళ్లున్నారు. సన్నటి రంధ్రం మూసుకుపోయి బుల్లెట్ సూదిలా దూసుకుపోవచ్చు, లేదా పైపైనే ముక్కలైపోవచ్చు. ఏది జరుగుతుందో చెప్పలేం. పిస్టల్ హాలో పాయింట్‌కీ దీనికీ పేరు తప్ప పోలిక లేదు.

సాఫ్ట్ పాయింట్ ముక్కు మీద మెత్తటి సీసం బయటికి ఉంటుంది. వేటకి మంచిదే. మ్యాగజైన్‌లో రీకాయిల్‌కి (కాల్చినప్పటి వెనక్కి కుదుపుకి) ముక్కులు చదునై పొడవులు మారిపోతాయి. కాగితానికి అనవసరం.

ప్లాస్టిక్ ముక్కు రకంలో ముక్కు ఆకారం ప్రతిదాంట్లో ఒకేలా ఉంటుంది, గాలి నిరోధం తగ్గుతుంది. ఎగిరేటప్పటి వేడికి పాత ప్లాస్టిక్ ముక్కులు కరిగి ఆకారం పోగొట్టుకుంటున్నాయని డాప్లర్ రాడార్ కొలతల్లో తేలిందని బుల్లెట్ల కంపెనీ హోర్నడీ 2015లో చెప్పి, వేడి తట్టుకునే ముక్కుతో ఈఎల్‌డీ వరుస తెచ్చింది. అందులో మ్యాచ్ రకం వేరు, వేట రకం వేరు. ముక్కు రంగు దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి పెట్టె మీది పేరు పూర్తిగా చదవాలి.

పూర్తి రాగి బుల్లెట్ వేటది. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ వేటకైనా సీసం లేని బుల్లెట్ తప్పనిసరి; అక్కడి వాళ్లకి ఎంపిక ఇక్కడి నుంచే మొదలవుతుంది. సీసం సాంద్రత 11.34, రాగిది 8.96. అదే బరువుకి రాగి బుల్లెట్ పొడుగు అవుతుంది. ఆ పొడుగు రెండు చోట్ల తగులుతుంది: కేస్ లోపలికి ఎక్కువ దిగి మందు జాగా తింటుంది, ట్విస్ట్ ఎక్కువ అడుగుతుంది.

పోతపోసిన సీసం బుల్లెట్లు 308లోనూ నడుస్తాయి, కానీ తక్కువ వేగానికి. వేగం పెంచితే సీసం బ్యారెల్‌లో పూతలా అంటుకుంటుంది. 600 గజాల పనికి అది దారి కాదు.

జల్లెడలో మిగిలినవి నాలుగు: పోల్చి చూడటానికి 147 ఫుల్ మెటల్ జాకెట్, సియెరా కంపెనీ మ్యాచ్‌కింగ్ 168, అదే వరుసలో 175, హోర్నడీ ఈఎల్‌డీ మ్యాచ్ 178. ఒక చిన్న మాట: మిగులు సైనిక సరుకు నుంచి పీకిన బుల్లెట్లు చవగ్గా దొరుకుతాయి. రేంజ్‌కి తీసుకెళ్లే ముందు అయస్కాంతం పెట్టి చూడాలి. అతుక్కుంటే తొడుగులోనో లోపలో ఉక్కు ఉన్నట్టు. చాలా రేంజ్‌లు గేటు దగ్గరే ఆపేస్తాయి.

మూడో వారం: కాగితం మీద లెక్క

స్థిరత్వం అంటే బుల్లెట్ ఒరగకుండా ముక్కు ముందుకే ఉండి ఎగరడం. దాని లెక్కకి మిల్లర్ సూత్రం చాలు. బరువు గ్రెయిన్లలో తీసుకుని 30తో హెచ్చించాలి. దాన్ని నాలుగింటి లబ్ధంతో భాగించాలి: క్యాలిబర్లలో (ఒక క్యాలిబర్ అంటే బుల్లెట్ వ్యాసం, 0.308 అంగుళం) ట్విస్ట్ వర్గం, వ్యాసం ఘనం, క్యాలిబర్లలో పొడవు, ఆ పొడవు వర్గానికి ఒకటి కలిపిన మొత్తం. 175 మ్యాచ్‌కింగ్ పొడవు 1.240 అంగుళాలు, అంటే 4.03 క్యాలిబర్లు. 10 ట్విస్ట్ 32.5 క్యాలిబర్లు. ఫలితం 2.46. 12 ట్విస్ట్ అయితే 1.71. ఇది సెకనుకు 2800 అడుగుల వేగానికి. 2600కి రెండున్నర శాతం తగ్గుతుంది. 1.4 దాటితే చాలు, 1.5 పైన నిశ్చింత. అంటే 175కి 12 ట్విస్ట్ కూడా సరిపోతుంది.

ఇప్పుడు రాగి బుల్లెట్ ఉదాహరణ: 165 గ్రెయిన్లు, 1.4 అంగుళాల పొడవు అనుకుందాం. 10 ట్విస్ట్‌లో 1.63. 12లో 1.13. ఒకే బుల్లెట్, ఒక రైఫిల్‌లో హాయిగా తిరుగుతుంది, రెండోదాంట్లో టార్గెట్ మీద బొక్కలు కోలగా పడటం మొదలవుతుంది. బరువు చూసి ట్విస్ట్ తేల్చేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. సూత్రంలో పొడవు మూడు సార్లు హెచ్చినట్టు పనిచేస్తుంది, బరువు ఒక్కసారే. ప్లాస్టిక్ ముక్కు రకాల్లో ముక్కుకి బరువు దాదాపు ఉండదు కాబట్టి పూర్తి పొడవు పెడితే సూత్రం అన్యాయంగా తక్కువ చూపిస్తుంది. ముక్కు తీసేసిన పొడవుతో ఒకసారి, పూర్తి పొడవుతో ఒకసారి వేసి, నిజం రెండింటి మధ్య ఉందనుకోవడం మేలు.

168కీ 175కీ మధ్య తేడా ఏడు గ్రెయిన్లది కాదు, తోకది, అంటే వెనక చివర సన్నబడే భాగానిది. 168 మ్యాచ్‌కింగ్ 1959లో 300 మీటర్ల పోటీ కోసం పుట్టిన డిజైను. దాని తోక వాలు 13 డిగ్రీలు. 300 మీటర్లకి, 600 గజాలకి కూడా అది బంగారమే. కానీ వేగం ధ్వని వేగానికి దగ్గరయ్యేసరికి, 800-900 గజాల ప్రాంతంలో, ఊగడం మొదలుపెడుతుంది. మిల్లర్ లెక్కలో దీనికి 2.5 వస్తుంది, అంటే సూత్రం దీన్ని పట్టుకోలేదు. అది బ్యారెల్ నుంచి బయటపడే దగ్గరి స్థిరత్వం లెక్క, చివర్లో ఊగే గుణం వేరే సంగతి. 175 తోక వాలు 9 డిగ్రీలు, ఆ ఇబ్బంది తక్కువ. అమెరికా సైన్యం దూరం కాల్చే ఎం118ఎల్‌ఆర్ రౌండ్‌లో 175నే పెట్టింది. 15 డిగ్రీల సెల్సియస్‌లో ధ్వని వేగం సెకనుకు 1116 అడుగులు. 2600తో బయల్దేరిన 175, వెయ్యి గజాల దగ్గర ఆ గీతకి కాస్త పైనే ఉంటుంది. కాస్తే.

178 గాలి గుణకం (గాలిని చీల్చుకుపోయే సామర్థ్యం, ఎక్కువైతే మేలు) జీ1 అనే ప్రామాణిక లెక్కలో 0.547, 175ది 0.505. ఎనిమిది శాతం మేలు. పక్కగాలి ఉన్న రోజున ఇది కనిపిస్తుంది. 178ని పక్కన పెట్టడానికి కారణం వేరే: దాని ముక్కు వంపు సీకెంట్ రకం (ఒంటితో కోణంగా కలిసే వంపు), ల్యాండ్స్‌కి దూరం మారితే గురి మారే స్వభావం ఎక్కువ. 175ది టాంజెంట్ వంపు, నెమ్మదిగా కలిసే వంపు కాబట్టి దూరం కాస్త ఎక్కువైనా పట్టించుకోదు. బ్యారెల్ అరిగేకొద్దీ థ్రోట్ ముందుకి జరుగుతుంది; మ్యాగజైన్ పొడవు ఎక్కడికీ జరగదు. ఏడాది తర్వాత మళ్లీ మొదటి నుంచి లెక్క వేయకుండా ఉండటం ఎనిమిది శాతం కన్నా విలువైనదని ఈ బల్ల దగ్గర తీర్పు. వేరే చోట వేరే తీర్పు రావచ్చు.

నాలుగో వారం: పెట్టె విప్పాక

ప్రతి రకం నుంచి 20 బుల్లెట్లు తూచి, కొలిచాం. మొత్తం పొడవు కొలిస్తే హాలో పాయింట్లు పది థౌ దాకా తేడా చూపిస్తాయి, ముక్కు చివర మూసే తీరు ఒకేలా ఉండదు గనక. అది చూసి పెట్టె వాపస్ పంపే పని లేదు. కంపారేటర్‌ని (నిర్ణీత రంధ్రమున్న కొలత ముక్కని) వెర్నియర్‌కి బిగించి, అడుగు నుంచి వంపు మీద ఒక నిర్ణీత వ్యాసం దాకా కొలిస్తే తేడా ఒకటి రెండు థౌలకి పడిపోతుంది. ల్యాండ్స్‌కి ఎదురయ్యేది వంపు, ముక్కు కొస కాదు. సీటింగ్ కొలతలన్నీ ఇక నుంచి కంపారేటర్ అంకెలే. మొత్తం పొడవు మ్యాగజైన్‌లో పడుతుందా లేదా చూడటానికి మాత్రం.

బరువు వారీగా వేరు చేయడం 600 గజాలకి గోరంత పనికి కొండంత శ్రమ. ఒకే లాటు కొనడం మాత్రం తప్పనిసరి. లాటు మారితే అడుగు నుంచి వంపు దాకా కొలత ఐదు థౌ మారిన సందర్భాలు మామూలే. సీటింగ్ డైని (ప్రెస్‌లో బుల్లెట్‌ని దింపే అచ్చుని) సర్దకపోతే రౌండ్లన్నీ ఆ మేరకు ముందుకో వెనక్కో పోతాయి.

ఐదో వారం: సీటింగ్

ముందు డమ్మీ రౌండ్: ప్రైమర్ లేదు, మందు లేదు. ఒక్కో రకానికి ఒకటి. వాటి మీద శాశ్వత మార్కర్‌తో పేరు, కొలత.

ఎదురైన మొదటి చిక్కు: 178 ముక్కు పొడుగు, సన్నం. మామూలు సీటింగ్ స్టెమ్ (డైలో బుల్లెట్‌ని కిందికి నొక్కే కడ్డీ) లోపలి గుంట నిస్సారం కాబట్టి స్టెమ్ అడుగు ప్లాస్టిక్ ముక్కుని తాకింది. పొడవులు ఒకటి ఒకలా, ఒకటి ఒకలా. సన్న ముక్కులకి చేసిన లోతు స్టెమ్ పెట్టాక సర్దుకుంది. తెలుసుకునే పద్ధతి: బుల్లెట్ ముక్కుకి మార్కర్ పూసి సీట్ చేసి చూడాలి, ముక్కు కొస మీద రంగు చెరిగితే స్టెమ్ తప్పు.

రెండోది: కొన్ని బుల్లెట్ల వంపు మీద గుండ్రటి గీత. అది స్టెమ్ గుర్తే, కానీ అంత లోతుగా పడిందంటే కేస్ మెడ బిగుతు ఎక్కువైందని. మెడ లోపల కార్బన్ లేకుండా తుడిచి, సైజింగ్ డైలో మెడని బిగించే బుష్‌ను ఒక సైజు పెద్దది వేస్తే గీత మాయమైంది. బుల్లెట్ సీట్ అయ్యాక మెడ బయటి వ్యాసం రెండు థౌ పెరిగితే చాలు. చదును అడుగున్న బుల్లెట్లు వాడేవాళ్లు కేస్ నోరు లోపలి అంచు బాగా వాలుగా కోయాలి, లేకపోతే అంచు తొడుగుని గీకి రాగి పొట్టు లేపుతుంది. పడవ తోక (వెనక సన్నబడే) బుల్లెట్లు తమంతట తామే సర్దుకుంటాయి.

క్రింప్ (కేస్ నోటిని బుల్లెట్ మీదికి నొక్కి బిగించడం) వద్దు. బుల్లెట్ మీద గాడి ఉంటేనే క్రింప్. గాడి లేని మ్యాచ్ బుల్లెట్‌ని నొక్కితే తొడుగు లోపలికి వంగి, అంత ఖర్చు పెట్టి కొన్న గుండ్రతనం పోతుంది.

మందు దగ్గర నియమం ఒకటే: బుల్లెట్ మారితే తూకం మాన్యువల్‌లో ఆ బుల్లెట్‌కి ఇచ్చిన ప్రారంభ అంకెకి వెనక్కి పోవాలి. బరువు ఒకటే అయినా సరే. బ్యారెల్‌ని రుద్దుకునే పొడవు, తొడుగు గట్టిదనం, కేస్‌లోకి దిగే లోతు మూడూ ఒత్తిడిని మారుస్తాయి. 308కి సామీ గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. ఇంట్లో దాన్ని కొలిచే సాధనం లేదు. బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంది. మాన్యువల్ చెప్పిన గరిష్ఠ వేగం తక్కువ మందుకే వచ్చేస్తే, ఒత్తిడి కూడా ముందే వచ్చేసిందని అర్థం. బోల్ట్ లేపడం బరువైతే, కేస్ అడుగున ఇత్తడి మీద ఎజెక్టర్ (కేస్‌ని బయటికి తన్నే పిన్ను) గుండ్రటి అచ్చు పడితే, అప్పటికే గీత దాటినట్టు. మిగతా రౌండ్లు విప్పేయాలి.

ఇండియా వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక. రేంజ్‌కి వాడిన సంచిని ప్రయాణానికి వాడొద్దు. ఆయుధాల చట్టం 1959 నిర్వచనంలో మందుగుండు అంటే దాని భాగాలు కూడా. సంచి మూలలో మిగిలిన ఒక్క రౌండ్ శంషాబాద్ ఎక్స్‌రేలో కనిపిస్తే సంజాయిషీ చాలా పొడుగు. అక్కడ లైసెన్సు లేకుండా రీలోడ్ చేయడం అదే చట్టం సెక్షన్ 5 కింద నిషిద్ధం.

ఆరో వారం: రేంజ్

మూడు షాట్ల గుంపులతో బుల్లెట్ ఎంపిక చేయకూడదు. కారణం లెక్కలో ఉంది. షాట్లు ఒకే చెల్లాచెదురుతో పడుతున్నాయనుకుంటే, అత్యంత దూరపు రెండు బొక్కల మధ్య సగటు దూరం ఆ చెల్లాచెదురుకి (ప్రామాణిక విచలనానికి) మూడు షాట్లకి 2.41 రెట్లు, ఐదింటికి 3.07, పదింటికి 3.81. అంటే మూడు షాట్ల సగటు 0.8 అంగుళం వచ్చే లోడు (బుల్లెట్, మందు కూర్పు), పది షాట్లకి సగటున 1.26 అంగుళం వస్తుంది. లోడు మారలేదు, రైఫిల్ మారలేదు. అదీ సగటే, ఒకే లోడుతో మూడు షాట్ల గుంపు ఒకసారి అర అంగుళం, వెంటనే అంగుళం పావు రావడం రోజూ చూసేదే. జేబులో పెట్టుకుని తిరిగే అర అంగుళం టార్గెట్ వెనక ఎన్ని చింపేసిన టార్గెట్లున్నాయో ఎవరూ చెప్పరు.

అందుకని ప్రతి బుల్లెట్‌కి పది షాట్ల గుంపులు రెండు, 100 గజాల్లో, మొత్తం 80 రౌండ్లు. ఐదు షాట్లకోసారి బ్యారెల్‌ని చేయి పెట్టగలిగేంత చల్లారనివ్వాలి. రకాలను వరుసగా ఒక్కోటి పూర్తి చేయకుండా కలిపి తిప్పాం: ఐదు 168, ఐదు 175, ఐదు 178, ఐదు 147, మళ్లీ మొదటికి. లేకపోతే సాయంత్రపు ఎండమావి, భుజం అలసట చివరి బుల్లెట్ ఖాతాలో పడతాయి. రకం మారినప్పుడు మొదటి రెండు షాట్లు లెక్కలోకి రాకుండా కాల్చాం, బ్యారెల్‌లో పాత తొడుగు పూత సర్దుకోవడానికి. ఆ షాట్లు 80కి అదనం.

147 స్పష్టంగా వెనకబడింది, చూడగానే తెలిసేంత. మిగతా మూడింటి మధ్య 100 గజాల్లో తేడా తేల్చలేకపోయాం. రెండు గుంపుల మధ్య ఒకే బుల్లెట్ చూపించిన తేడా, రకానికీ రకానికీ మధ్య తేడా కన్నా ఎక్కువ. ఇలాంటప్పుడు ఏదో ఒకటి గెలిచిందని రాసుకోవడం మన కోరికని రాసుకోవడమే.

తర్వాత 175 ఒక్కదానితోనే సీటింగ్ పరీక్ష: మొత్తం పొడవు 2.800, 2.820, 2.840. అంటే ల్యాండ్స్‌కి 80, 60, 40 థౌ వెనక. ఒక్కో దానికి పది షాట్లు, మందు అంతా ఒకటే. మూడూ ఒకదాని మీద ఒకటి పెడితే విడదీయలేం. 2.800 దగ్గరే ఆపేశాం. సామీ పొడవులో ఉంటుంది, ఏ 308 మ్యాగజైన్‌లోనైనా పడుతుంది.

ఏడో వారం: దూరం

600లో 168, 175 రెండూ సమానమే. 1000 గజాల దగ్గర 168 కొన్ని బొక్కలు కోలగా చేసింది, రెండు షాట్లు టార్గెట్ చట్రానికే తగల్లేదు. 175 బొక్కలు గుండ్రంగానే ఉన్నాయి, నిలువు చెదురు ఎక్కువున్నా. ఆ నిలువు చెదురు వేగాల తేడా పని. బుల్లెట్ మారిస్తే పోదు, మందు తూకం దగ్గర వెతకాలి. 178ని గాలి రోజుల కోసం ఒక పెట్టె అట్టేపెట్టాం.

175 ఖాయం. ఒకే లాటు నుంచి 500ల పెట్టెలు రెండు ఆర్డరు. మిగిలిన 168లు 600 లోపు సాధనకి, 147లు కొత్తవాళ్లకి బోల్ట్ తిప్పడం నేర్పడానికి. ప్రతి రౌండ్ల పెట్టె మీద అంటించిన చీటీలో ఉన్నవి: బుల్లెట్ పేరు, బరువు, లాటు నంబరు, మందు పేరు, తూకం, ప్రైమర్, కేస్ ఎన్నోసారి వాడినది, కంపారేటర్ కొలత, మొత్తం పొడవు, తేదీ, ఏ రైఫిల్‌కి. చివరి గడి ఎర్ర ఇంకుతో.